నాకేమిచ్చారని అడిగేవాళ్లకి

"క్రైస్తవంలో కలిసినందుకు మీ తాతకి అప్పట్లో ఏమిచ్చారేటి?" అనే ప్రశ్న చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అడిగే మనిషి మారతాడు గానీ ప్రశ్న మారదు. బళ్లో తోటి పిల్లలు పాలపొడి, గోధుమనూక అనేవాళ్లు, కాలేజీకి వచ్చేసరికి అవే డాలర్లయ్యాయి. మొన్న అడిగినాయన మాత్రం నాకు బాగా కావలసిన మనిషి. పేపర్ మిల్లు స్టోర్స్‌లో నాకు పని నేర్పిన పెద్దాయన, మేమంతా మాస్టారూ అంటాం, రిటైరై చాలాకాలమైనా సాయంత్రం పూట రాయగడ స్టేషన్ రోడ్డులో టీ దగ్గర కలుస్తూనే ఉంటారు. ఆయన వెటకారానికి అడగలేదు. "లెక్క తేలనిదే ఒక్క బోల్టు కూడా ఇష్యూ చెయ్యవు కదరా, మరి ఇంత పెద్ద సంగతి ఏం చూసి నమ్మేశావు? ఏదో ఒక లాభం లేకపోతే ఇన్ని మాటలు పడుతూ అందులో ఎందుకుంటారు ఎవరైనా?" అన్నారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మాస్టారు చదువుతారు, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని మరీ చదువుతారు.

నన్ను ఇబ్బంది పెట్టేదేమిటంటే, ఆయన అడిగినదానికీ మా సంఘంలో (చర్చిలో) ఆదివారం పూట వినబడేదానికీ పెద్ద తేడా లేదు. సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లలో సగంమంది చెప్పేది ఒకటే, ప్రభువు నాకు స్థలం కొనిపెట్టాడు, మా అబ్బాయికి ఉద్యోగం ఇచ్చాడు, షుగర్ మూడొందల నుంచి నూట నలభైకి దించాడు. దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం తప్పని కాదు, నేనూ చెప్పుకుంటాను. కానీ ఇవే వినీ వినీ బయటి మనిషికి ఏమనిపిస్తుంది? వీళ్లకి ఏదో దొరికి వచ్చారు, ఇంకా దొరుకుతోంది కాబట్టి ఉంటున్నారు అనే కదా. బయటివాళ్లు గోధుమనూక అంటారు, లోపలివాళ్లు దీవెన అంటారు, ఇద్దరి దృష్టిలోనూ ఇది ఇచ్చిపుచ్చుకునే వ్యవహారమే. నేను క్రైస్తవుడిగా ఉన్నది దీనివల్ల నాకేదో కలిసొచ్చిందని కాదు, ఇది నిజమని నమ్మబట్టి. నిజమైతే నాకు ఏమీ కలిసిరాని రోజున కూడా నిజమే. కాకపోతే, నాకు లాటరీ తగిలినా కాదు.

ఇంతకీ లాభం అన్నారు కాబట్టి మా ఇంటి లాభనష్టాలు కూడా చెప్పేస్తాను.

మా తాతది సాలూరు దగ్గర పల్లె, అందులోనూ ఊరికి ఎడంగా ఉండే పేట. అప్పటికి ఈ రాయగడ ఒడిశాలోనే లేదు, రాయగడతో సహా కొరాపుట్ అంతా మద్రాసు ప్రెసిడెన్సీ విశాఖపట్నం జిల్లా కింద ఉండేది, 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వచ్చింది. (అందుకే మా వైపు "మీరు ఎక్కడివాళ్లు" అని అడిగితే పెద్దవాళ్లు నవ్వేవారు, మేం కదల్లేదు, రాష్ట్రమే కదిలింది అని.) 1882లో జర్మనీ నుంచి ఈ ఏజెన్సీకి వచ్చిన బ్రెక్లం మిషన్‌వాళ్ల లూథరన్ (ప్రొటెస్టెంట్‌లలో ఒక శాఖ) సంఘం, దాని బడి సాలూరులో ఉండేవి. తాత ఆ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు, తర్వాత బాప్తిస్మం తీసుకున్నాడు, ఆ తర్వాత రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్‌గా కుదిరి విజయనగరం-రాయపూర్ లైను మీద పని చేస్తూ చేస్తూ రాయగడలో దిగిపోయాడు. ఏమిచ్చారు తాతా అని నేనే ఒకసారి అడిగాను, చిన్నతనం కదా, బళ్లో ఎవరో అన్న మాట ఇంటికి మోసుకొచ్చాను. ఆయన కోప్పడలేదు. "బెంచీ ఇచ్చారు" అన్నాడు. ఊరి బళ్లో గుమ్మం బయట మట్టిలో కూర్చున్న గుంటడిని మిషన్ బళ్లో లోపల బెంచీ మీద అందరి మధ్య కూర్చోమన్నారట. మొదటి రోజు కూర్చోవడానికి భయమేసి గోడ పక్కన నిలబడే ఉన్నాడట మధ్యాహ్నం దాకా.

దాన్ని లాభం అంటే సరే, ఒప్పుకుంటాను. అది పుచ్చుకున్నందుకు సిగ్గుపడాల్సింది మా తాత కాదు.

ఇక నష్టం. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాళ్లు షెడ్యూల్డు కులం కిందకి రారు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలిపారు, క్రైస్తవులని ఇప్పటికీ కలపలేదు. గిరిజనులకి ఈ షరతు లేదు, దళితులకే. అంటే మా నాన్న చదువు పూర్తయి ఉద్యోగాల వేటలో పడినప్పుడు, ఆయనతో పాటు ఒకే పేటలో పుట్టి, ఒకే బావి దగ్గర తిట్లు తిని పెరిగిన బాబాయి వరస అతను రిజర్వేషన్‌లో గుమాస్తా అయ్యాడు, నాన్న కాలేదు. కులం సంగతి కాగితంలో పోయింది గానీ ఊళ్లో పోలేదు, అద్దె ఇంటికి వెళ్తే "మీరేమిట్లు?" అన్న ప్రశ్న ఎప్పట్లాగే ఉండేది. కాగితం మీద ఒకటీ ఇంట్లో ఒకటీ రాసుకున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్లని నేను తప్పు పట్టను, పిల్లల కడుపు సంగతి అది. కానీ నాన్న అలా రాయించలేదు. లాభం చూసుకునే మనిషైతే తహశీల్దారు ఆఫీసుకి ఒక్కసారి వెళ్లొస్తే సరిపోయేది.

మతం మార్చుకున్నవాళ్లంతా తక్కువవాళ్లు, అమాయకులు, ఎవరో ఏమార్చారు అనే మాట కూడా ఈనాటిది కాదు. రెండో శతాబ్దంలో కెల్సస్ అనే గ్రీకు తత్త్వవేత్త సరిగ్గా ఇదే ఎత్తిపొడిచాడు, వీళ్ల దగ్గరికి పోయేది బానిసలు, ఆడవాళ్లు, పిల్లలు, చదువురానివాళ్లు అని. ఆ మాటలో పొరపాటేమీ లేదు, అలాంటివాళ్లే ఎక్కువ పోయారు. పోయినవాళ్లు ఎవరన్నది చూసి, వాళ్లు విన్నది నిజమా అబద్ధమా అని తేల్చేయడమే నాకు అర్థం కాదు. మాస్టారూ, ఒకవేళ మా తాత నిజంగానే గోధుమనూకకే మారాడని మీరు రుజువు చేశారనుకోండి, దాంతో మా తాత ఎలాంటివాడో తెలుస్తుంది. యేసు ఎవరో తెలియదు.

పైగా అందరూ పేటవాళ్లే కాదు. 1833లో కటక్‌లో బాప్తిస్మం పుచ్చుకున్న పురుషోత్తమ చౌదరి గారిది బ్రాహ్మణ కుటుంబం, మన పర్లాకిమిడి వైపు మనిషి, ఆయన తెలుగులో రాసిన కీర్తనలు ఈనాటికీ మా సంఘంలో పాడుతున్నాం. ఆయనకి ఏ నూక అవసరం?

ఆసుపత్రులూ బడులూ పెట్టి ఆశ చూపిస్తారు అనేది ఇంకో మాట. మన జిల్లాలోనే ఉంది కదా బిస్సం కటక్ ఆసుపత్రి, 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ మొదలుపెట్టినది. నియమగిరి కొండల చుట్టుపక్కల డొంగరియా కొంధ్ గిరిజనులు, ఊళ్లలో ఒడియావాళ్లు, తెలుగువాళ్లు, మాస్టారి ఇంటావిడతో సహా అక్కడ చూపించుకున్నవాళ్లే. చూపించుకుని వచ్చి మాఝిఘరియాణి అమ్మవారి గుడికి వెళ్లి మొక్కు తీర్చుకున్నారు, ఎవరూ కాదనలేదు. డెబ్బై ఏళ్లు దాటినా జిల్లాలో క్రైస్తవులు కొద్దిమందే. అది ఆశ చూపించడమే అయితే ఇంత చేతగాని పథకం ఇంకోటి ఉండదు. మా వాళ్లలో డబ్బు ఎర చూపేవాళ్లు అసలు లేరని నేను అనను, ఉన్నారు, వాళ్లని చూస్తే నాకు మీకన్నా ఎక్కువ ఒళ్లు మండుతుంది. దానికి 1967లోనే చట్టం చేసిన రాష్ట్రం మనది, బలవంతంగానో ప్రలోభపెట్టో మారిస్తే జైలుశిక్ష. నేరం చేసినవాళ్లని పట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. నేరం చేయనివాళ్ల తాతల్ని తవ్వొద్దు.

2008 ఆగస్టు గుర్తుంది కదా. కంధమాల్‌లో 23న విశ్వహిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతిని, ఆయనతో ఉన్న నలుగురిని చంపారు, ఆ హత్యలు ఘోరం, ఆ మాటకి ముందూ వెనకా ఏమీ తగిలించను. ఆ తర్వాత వారాల తరబడి ఆ పక్క జిల్లాలో క్రైస్తవుల ఇళ్లు తగలబడ్డాయి, జనం అడవుల్లోకి పరిగెత్తారు, సహాయ శిబిరాల్లో నెలల తరబడి ఉన్నారు. మతం వదులుకుంటేనే ఊళ్లోకి రానిస్తామన్న చోట్లు ఉన్నాయి, కొందరు వదులుకున్నారు, చాలామంది వదులుకోలేదు. దీనివల్ల క్రైస్తవం నిజమని రుజువైపోతుందని నేను అనడం లేదు. అబద్ధం కోసం ప్రాణాలిచ్చినవాళ్లూ లోకంలో ఉన్నారు. కాకపోతే పాలపొడి కోసం ఎవరూ ఇల్లు తగలబెట్టించుకోరు, అంతవరకే నా వాదన. అలాగే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్. 1999 జనవరిలో కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో రాత్రి బండిలో పడుకున్న భర్త గ్రాహంని, పదేళ్ల ఫిలిప్‌ని, ఆరేళ్ల తిమోతిని కలిపి తగలబెట్టేశారు. ఆవిడ క్షమించానని చెప్పి, మిగిలిన కూతురితో బారిపదాలోనే ఉండి ఇంకా కొన్నేళ్లు భర్త నడిపిన కుష్ఠురోగుల ఆశ్రమం పనే చూసుకున్నారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. ఆవిడకి ఇందులో ఏం కలిసొచ్చిందో ఎవరైనా లెక్కగట్టి చెప్పండి.

ఇప్పుడు నాకు కలిసిరాని సంగతి.

మా అప్ప (అక్కని మేం అలాగే అంటాం) కొడుకు ఆరేళ్లవాడు పోయాడు. వానలు తగ్గుముఖం పట్టే రోజులు, మా వైపు మలేరియా ముదిరే రోజులు. రెండు రోజులు మామూలు జ్వరమే అనుకున్నారు, మూడో రోజు వాడు తల్లిని గుర్తుపట్టలేదు. ఫిట్స్. రక్తం చూసి మెదడుకి ఎక్కిందన్నారు. పెద్దాసుపత్రిలో వాడి మంచం పక్కన నేను రాత్రంతా ఉన్నాను. సెలైన్ సూది కదలకుండా చేతికి వేసిన తెల్ల ప్లాస్టర్ మీద ఎవరో నర్సు బాల్‌పెన్నుతో నవ్వే మొహం గీసింది, రెండు చుక్కలు, ఒక వంపు. వాడు కళ్లు తెరిస్తే చూస్తాడని గీసి ఉంటుంది. సంఘమంతా ఉపవాస ప్రార్థనలో ఉంది, మా అమ్మ మోకాళ్ల మీద నుంచి లేవలేదు, నేను జీవితంలో అంతకు ముందూ ఆ తర్వాతా అలా ప్రార్థించలేదు. తెల్లారకుండానే పోయాడు.

అది మోయగలిగేవాళ్లమేమో. పదకొండో రోజున ఓదార్చడానికని వచ్చిన ఒక దైవజనుడు (బయటినుంచి వచ్చి పెద్ద పెద్ద కూటాలు పెట్టేవారు, పేరు అనవసరం) మా అప్ప ఎదురుగా కూర్చుని, తల్లి విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండి ఉంటుందమ్మా, లేకపోతే ప్రభువు స్వస్థత ఇచ్చి ఉండేవాడు అన్నాడు. మా బావ, నెమ్మదస్తుడు, ఎవరినీ ఏకవచనంతో పిలవడు, లేచి ఆయన చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. ఆ ఏడాది క్రిస్మస్‌కి మా ఇంటి మీద నక్షత్రం కట్టలేదు. నాకైతే కోపం ఆ మనిషి మీదా, దేవుడి మీదా అన్నది కూడా తెలియలేదు. మాస్టారి ప్రశ్న అప్పుడు నాకు నేనే వేసుకున్నాను, ఇంకా ఎందుకు ఇందులో?

వదిలేయడానికి అన్ని కారణాలూ ఉన్నాయి, వదల్లేదు. ఎందుకంటే గుడ్ ఫ్రైడేకి మా అయ్యగారు (పాస్టర్) ఏడు మాటలు పంచుతూ నాలుగోది నాకిచ్చారు. తెలియనివాళ్లకి చెప్తాను, ఆ రోజు పన్నెండు నుంచి మూడు వరకు ఆరాధన, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మా సంఘంలో ఒడియా ఒకటి, తెలుగు ఒకటి మారి మారి వస్తాయి, ఏప్రిల్ ఎండకి రేకులు పేలిపోతుంటాయి, నాలుగో మాట వచ్చేసరికి సగంమంది కునుకులో ఉంటారు. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." నేను చెప్పనన్నాను. అయ్యగారు బతిమాలలేదు, "నువ్వు చెప్పకపోతే ఆ పది నిమిషాలు ఖాళీగానే ఉంచుతాను" అన్నారంతే. దాంతో కూర్చుని చదివాను, తప్పు పట్టాలనే చదివాను.

చదివితే కనబడింది ఇది. ముందురోజు రాత్రి గెత్సేమనే తోటలో యేసు అడిగాడు, ఈ గిన్నె (రానున్న శ్రమ) నా దగ్గరనుంచి తొలగించు అని, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. తొలగలేదు. మరి ఆ దైవజనుడి లెక్కన యేసుకే విశ్వాసం చాలలేదనాలి. ఆయన చెప్పే మతంలో యేసే ఫెయిలయ్యాడు. అడిగింది దొరకని కొడుకు, జవాబు రాని ప్రశ్న, ఆ ప్రశ్న అడిగిన కాసేపటికే ప్రాణం పోవడం, ఇదంతా మా మతానికి నడిమధ్య ఉంది, ఏ మూలో దాచిన సంగతి కాదు, దాన్నే గోపురం మీద పెట్టుకుని తిరుగుతున్నాం. మా అప్ప కొడుకు ఎందుకు పోయాడో అది చెప్పదు. కానీ ఆ మంచం పక్కన నేను కూర్చున్న చోటు దేవుడికి తెలియని చోటు కాదని చెబుతుంది. దుఃఖం అంటే ఏమిటో తెలియని దేవుడి దగ్గర ఆ రాత్రి నేను ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయేవాడిని. ఆ గుడ్ ఫ్రైడేకి నాలుగో మాట చెప్పాను. బాగా చెప్పలేదు, గొంతు పెగల్లేదు, ఒడియావాళ్లకి సగం అర్థం కాలేదు కూడా.

ఇక్కడే మాస్టారు నన్ను పట్టుకుంటారని తెలుసు. ఓదార్పు దొరికింది కాబట్టి నమ్మావు, అదీ లాభమే కదా అంటారు. న్యాయమైన మాట. ఓదార్చేదల్లా నిజం కాదు, సారా కూడా ఓదారుస్తుంది. అందుకని లెక్క చూడాలి. నేను చూసిన లెక్క ఇది, పండితుడిని కాను, చదివినంత చెప్తాను.

యేసు అనే మనిషి ఉన్నాడా, సిలువ వేశారా అన్నదాని మీద చరిత్రకారుల్లో నాస్తికులు కూడా పెద్దగా పేచీ పెట్టరు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రైస్తవులంటే గిట్టని మనిషి, రెండో శతాబ్దం మొదట్లో రాస్తూ, తిబెరియస్ చక్రవర్తి కాలంలో పొంతి పిలాతు అనే గవర్నరు చేతిలో క్రీస్తుకి మరణశిక్ష పడిందని రాశాడు. ఆ పిలాతు పేరున్న రాయి 1961లో ఇజ్రాయెల్‌లోని కైసరయలో దొరికింది. యూదు చరిత్రకారుడు జోసెఫస్ "క్రీస్తు అనబడిన యేసు సహోదరుడు యాకోబు"ని రాళ్లతో కొట్టి చంపిన సంగతి రాశాడు, అది క్రీ.శ. 62 నాటి మాట. ఇంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు. చిక్కంతా మూడో రోజు ఆయన సమాధిలోంచి లేచాడన్నదాని దగ్గరే.

ఆ మూడో రోజు గురించి మనకి దొరికే పాత రాత సువార్తలు (యేసు జీవితం గురించి మత్తయి, మార్కు, లూకా, యోహాను పేర్లతో ఉన్న నాలుగు పుస్తకాలు) కాదు, కొరింథీయులకు పౌలు (ముందు క్రైస్తవులని హింసించి, తర్వాత బోధకుడైనవాడు) రాసిన మొదటి ఉత్తరం, క్రీ.శ. 55 ప్రాంతంలోది, అంటే సిలువకి పాతికేళ్లు నిండకముందు. పదిహేనో అధ్యాయంలో పౌలు ఒక జాబితా ఇస్తాడు, ముందు శిష్యుడు పేతురుకి కనబడ్డాడు, తర్వాత పన్నెండుమంది శిష్యులకి, ఐదు వందలమందికి పైగా ఒకేసారి, వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు అని, తర్వాత యాకోబుకి, చివర నాకు. ఇది తాను అల్లింది కాదు, తనకి అప్పజెప్పింది అంటాడు. ఐదు వందల మంది సంగతికి పౌలు మాట తప్ప వేరే సాక్ష్యం లేదు, కాబట్టి దాని మీద నేను ఎక్కువ బరువు పెట్టను. నన్ను ఆపింది యాకోబు. యేసు బతికుండగా తమ్ముళ్లు ఆయన్ని నమ్మలేదని యోహాను సువార్త దాచకుండా చెబుతుంది, ఇంటివాళ్లు పిచ్చెక్కిందనుకుని పట్టుకుపోవడానికి వచ్చారని మార్కు చెబుతాడు. అలాంటి తమ్ముడు కొన్నేళ్లకి యెరూషలేము సంఘానికి పెద్దయ్యాడు, చివరికి అందులో ఉండగానే చంపబడ్డాడు. సొంత అన్న దేవుడి కొడుకని తమ్ముడు ఒప్పుకోవాలంటే, మీ తమ్ముడితో మీరు ప్రయత్నించి చూడండి ఒకసారి. పౌలు ఈ యాకోబుని యెరూషలేములో ముఖాముఖీ కలిశాడు కూడా, గలతీయులకు రాసిన ఉత్తరంలో ఉంది.

రెండోది ఆడవాళ్లు. ఖాళీ సమాధిని ముందు చూసింది ఆడవాళ్లని నాలుగు సువార్తలూ చెబుతాయి. ఆ కాలంలో వాళ్ల సమాజంలో ఆడదాని సాక్ష్యానికి విలువ తక్కువ, చెల్లదని జోసెఫస్ రాసి పెట్టాడు. శిష్యులే మగ్దలేనే మరియ బృందం మాటల్ని వెర్రిమాటలు అనుకున్నారని లూకా రాశాడు. కథ అల్లేవాడు తన వాదనకి ఇంత బలహీనమైన సాక్షుల్ని ముందు నిలబెట్టుకోడు.

ఇక పొంతనలు కుదరవు అంటారు. నిజమే, కుదరవు. సమాధి దగ్గర మత్తయిలో ఒక దూత, లూకాలో ఇద్దరు మనుషులు, వెళ్లిన ఆడవాళ్ల పేర్లు కూడా నాలుగింటిలో ఒక్కలా లేవు. చాలామంది దీంతోనే పుస్తకం మూసేస్తారు. నా వృత్తి వల్లనేమో నాకు దీంతోనే నమ్మకం పెరిగింది. ఏడాదికోసారి స్టాకు లెక్క తీసేటప్పుడు ముగ్గురు షిఫ్ట్‌వాళ్లు విడివిడిగా బేరింగులు, బెల్టులు లెక్కపెట్టి రాసిస్తారు. మూడు కాగితాలూ వాషర్‌తో సహా అచ్చు గుద్దినట్టు కలిశాయంటే అర్థం ఒకటే, ఇద్దరు లెక్కపెట్టలేదు, మూడోవాడి దగ్గర చూసి రాశారు. అసలు సరుకు కలిసి, చిల్లర దగ్గర అటూ ఇటూ ఉంటే ముగ్గురూ నిజంగా ర్యాకుల దగ్గరికి వెళ్లారన్నమాట. ఇది నాకు నేర్పింది మాస్టారే.

అంతా ఒకటే కదా, ఏ పేరుతో పిలిస్తే ఏం అనేది మాస్టారు తరచూ వాడే ఇంకో మాట. మంచి మనసుతో అంటారు, నేను గొడవ పెట్టుకోను, పండగకి ఆయన ఇంట్లో పులిహోర తింటాను, క్రిస్మస్‌కి మా ఇంటి అరిసెలు ఆయనకి వెళ్తాయి. కానీ అంతా ఒకటే అనడం నాకు అన్ని మతాలకీ మర్యాద చేసినట్టు అనిపించదు, దేన్నీ సరిగ్గా విననట్టు అనిపిస్తుంది. ముస్లింలు యేసుని గొప్ప ప్రవక్తగా గౌరవిస్తారు, కానీ ఆయన సిలువ మీద చనిపోలేదంటారు. మేం చనిపోయాడంటాం. ఇద్దరిలో ఒకరం పొరపాటు పడుతున్నాం, రెండూ ఎలా నిజమవుతాయి? పొరపాటు పడుతున్నవాడిని ప్రేమించొచ్చు, పక్కన కూర్చుని తినొచ్చు, ఇల్లు కాలితే బిందె పట్టుకుని పరిగెత్తొచ్చు. దానికి అంతా ఒకటే అనక్కర్లేదు.

విదేశీ మతం అన్నదానికి ఎక్కువ రాయను. బుద్ధుడి బోధ మన దగ్గర మొదలై జపాన్ దాకా వెళ్లింది, అక్కడివాళ్లు ఇక్కడివాళ్లయిపోయారని ఎవరూ అనలేదు.

మా అప్ప సంగతి అడుగుతారు చదివినవాళ్లు. సంఘానికి వస్తుంది. సాక్ష్యాల టైముకి లేచి బయట వేపచెట్టు కిందకి వెళ్లిపోతుంది, ప్రసంగం మొదలయ్యాక లోపలికొస్తుంది, అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. మార్కు సువార్తలో ఒక తండ్రి ఉన్నాడు, కొడుక్కి మూర్ఛ, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని అరుస్తాడు. ఆ మాట తనదేనంటుంది. ఆ వెంటనే, "అతగాడి గుంటడు బతికాడురా, నావాడు బతకలేదు" అని కూడా అంటుంది. ఈ రెండో మాటకి నేను జవాబు చెప్పను. పుస్తకాల్లో ఉన్న జవాబులు నాకు తెలుసు, కొన్ని మంచివే, వాటిని ఆమె ముందు పెట్టే మొహం నాకు లేదు.

ఇంతకీ ఏం జరిగితే వదిలేస్తావు అని మాస్టారు అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్న అదే. పౌలే చెప్పాడు, "క్రీస్తు లేపబడని యెడల మీ విశ్వాసము వ్యర్థమే" అని. అంటే ఎక్కడ కొడితే కూలుతుందో మేమే గుర్తు పెట్టి ఇచ్చాం. శిష్యులు శవాన్ని ఎత్తుకుపోయారంటారా, ఆ మాట అప్పుడే పుట్టిందని మత్తయి సువార్తలోనే ఉంది. భ్రమ అంటారా, అయితే నమ్మని తమ్ముడికి, హింసించడానికి బయలుదేరిన పౌలుకి అదే భ్రమ ఎందుకు కలిగిందో చెప్పాలి. కట్టుకథ అంటారా, కట్టినవాళ్లకి దెబ్బలూ జైళ్లూ తప్ప ఏం దక్కిందో చూపించాలి. వీటిలో ఏదైనా ఒకటి ఈ ఆధారాలన్నిటికీ నాకన్నా బాగా సరిపోయిందంటే నేను ఆదివారం ఇంట్లోనే ఉంటాను, మా అయ్యగారికి మొహం మీద చెప్పి మరీ మానేస్తాను. మా వాళ్ల దొంగ స్వస్థతలు, మా బోధకుల కార్లు, మా సంఘాల కోర్టు కేసులు, వాటి గురించి ఎంత తిట్టినా నేనూ ఒక మాట కలుపుతాను. అవి వేరే పద్దు.